పండా పుస్తకంలో పెద్దమ్మ

మా నాన్న మంచివాడని ఖరగ్‌పూర్‌లో ఆయన్ని ఎరిగినవాళ్ళంతా ఇప్పటికీ అంటారు. తాగలేదు, పేకాడలేదు, కార్ఖానాకి ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు, ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. అన్నీ నిజమే. నేను మాత్రం ఆ మాట అనలేను. రాస్తే కోపం తగ్గుతుందేమో అని ఒక స్నేహితురాలు సలహా ఇచ్చింది. తగ్గించుకోవడానికి రాయడం లేదు. జరిగింది జరిగినట్టు ఎక్కడో ఒకచోట ఉండాలని రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం వైపు పల్లె. నాన్న చిన్నప్పుడే రైల్వే కార్ఖానాలో ఖలాసీగా చేరి ఫిట్టరయ్యాడు. నేనూ తమ్ముడూ పుట్టిందీ పెరిగిందీ రైల్వే క్వార్టర్‌లోనే. రెండు గదులు, వెనక వంటిల్లు, పెరట్లో కుళాయి. నాకు ఐదేళ్ళప్పుడు ఒక రేకు పెట్టె పట్టుకుని ఒకావిడ మా గుమ్మంలో దిగింది. "నాన్నకి దూరపు సెల్లెలు. పెనిమిటి పోయినాడు. ఎవరూ లేరు. ఇకనించి మనింట్లోనే ఉంటాది, అత్తా అని పిలవండి" అంది అమ్మ. పిలిచాం.

అత్త వచ్చిన మర్నాటి నుంచి అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళలేదు. కార్ఖానా సైరన్ కంటే ముందు లేచి బొగ్గుల పొయ్యి అంటించేది అత్త. నాన్నకి టిఫిన్ కారియర్ కట్టేది అత్త. మా బట్టలు, మా జడలు, మా జ్వరాలు అన్నీ అత్తవే. పడక వంటింటి వసారాలో. బొట్టు లేదు, గాజుల్లేవు, పువ్వు లేదు. తెల్లచీర.

మా పక్క క్వార్టర్‌లో బెంగాలీ దీదీ ఉండేది. మంచిదే. ఒకరోజు అత్త చేపముక్క తినడం చూసి బుగ్గలు నొక్కుకుంది. "మీలో విధవలు మాచ్ తింటారా?" అని అమ్మని అడిగింది. మా వైపు తింటారు. ఉప్పుచేప లేకపోతే మాకు ముద్ద దిగదు. కానీ అమ్మకి సిగ్గేసింది. ఆ సాయంత్రమే అత్తతో, "నలుగురూ నవ్వుతారు వదినా, మానేసీ" అంది. అత్త మానేసింది. ఆ తర్వాత మాకందరికీ చేపల పులుసు వండి, తను మజ్జిగ పోసుకుని తినేది. పదిహేడేళ్ళు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, నాన్న అన్నం తింటుండగా, అత్త వడ్డిస్తుండగా నేనడిగాను. "అత్తా, మీ ఆయన ఎలా సచ్చిపోయినాడు?"

అత్త గరిటె పట్టుకుని అలాగే నిలబడింది. "నాకేటి తెలుసమ్మా. నాకెవులూ సెప్పనేదు" అంది.

నాన్న తలెత్తలేదు. "పప్పు ఇంకొంచెం వెయ్యి" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఎంత మామూలుగా అన్నాడు!

ఇంకోటి కూడా చెప్పాలి, నా గురించి. ట్రైనింగ్ పూర్తయి తెలుగు మీడియం బళ్ళో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరుతుంటే అత్త మంచినీళ్ళ చెంబుతో వసారాలోంచి ముందుకొచ్చింది. "అబ్బా, నువ్వు ఎదురు రాకత్తా" అన్నాను. చదువుకున్నదాన్ని. పిల్లలకి పాఠాలు చెప్పబోతున్నదాన్ని. అత్త వెనక్కి తిరిగి లోపలికి పోయింది. నేను ఇంకొక నిమిషం ఆగి, అమ్మ ఎదురొచ్చాక, వెళ్ళాను. నాన్న మీద నాకున్న కోపంలో ఒక వాటా ఎప్పుడూ ఈ ఉదయానికి పోతుంది.

నాన్న నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు పోయాడు. కార్ఖానాలో మధ్యాహ్నం పనిచేస్తూ చేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డాడట. ఆసుపత్రికి చేరేసరికి ఏమీ మిగల్లేదు. కాలనీ అంతా వచ్చింది. పదోరోజున అమ్మ గాజులు పగలగొట్టి బొట్టు తీశారు. ఆడవాళ్ళు చుట్టూ చేరి ఏడ్చారు. నేను నీళ్ళకోసం పెరట్లోకి వెళ్ళాను. అత్త కుళాయి కింద కూర్చుని ఉంది, చీరతోనే, తలమీంచి నీళ్ళు ధారగా పోతున్నాయి. ఎంతసేపట్నుంచి కూర్చుందో తెలీదు. కళ్ళు మూసుకుని ఉంది. ఎండకి తట్టుకోలేక అనుకున్నాను. అదే రోజు వచ్చిన చుట్టాల్లో ఒకావిడ అమ్మతో అంటోంది: "ఇన్నేళ్ళు ఆయన తిండి తిన్నాది గదా, ఒక్క కన్నీటి సుక్క రానేదు సూడు. కొందరి గుండెలంతే."

అస్థికలు పూరీలో సముద్రంలో కలపాలని చిన్నాన్న అన్నాడు. చిన్నాన్న నాన్నకి సొంత తమ్ముడు. ఆయనా రైల్వేలోనే. నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి, మా ఇంటి పెళ్ళిళ్ళూ చావులూ ఆయన చేతిమీదుగానే నడిచేవి. చిన్నాన్న, అమ్మ, తమ్ముడు, నేను వెళ్ళాం. ఇల్లు కనిపెట్టుకోవడానికి అత్త ఉండిపోయింది. అసలు అత్త ఎక్కడికీ రాదు. మాకందరికీ ఏడాదికోసారి రైల్వే పాసుండేది. అందులో అత్త పేరు లేదు. అత్తకి ఊరు లేదు, ప్రయాణం లేదు. అదంతా సహజమే అనుకుని పెరిగాను.

పూరీ స్టేషన్‌లో దిగగానే పండాల, అంటే అక్కడి తీర్థ పురోహితుల, మనుషులు చుట్టుముట్టారు. "ఏ జిల్లా? ఏ తాలూకా? ఏ ఊరు?" అని ఒడియా యాసలో తెలుగు. ఊరిపేరు చెప్పగానే ఒక ముసలాయన మిగతావాళ్ళని పక్కకి నెట్టి, "మీరు మావాళ్ళు. మీ తాతల కాలంనుంచి మావాళ్ళు" అని మమ్మల్ని తన పండా ఇంటికి తీసుకుపోయాడు. ఆయన అక్కడ గుమాస్తా. ఒక్కో జిల్లాకి ఒక్కో పుస్తకం, ఎర్రగుడ్డలో చుట్టి అటకమీద పేర్చి ఉన్నాయి. యాత్రకొచ్చినవాళ్ళు ఎవరు, ఎవరి కొడుకులు, వెంట ఎవరొచ్చారు అన్నీ అందులో ఉంటాయి. చదువొచ్చినవాళ్ళు సొంత చేత్తో రాసి సంతకం పెడతారు.

"పుస్తకాలెందుకులే బాబూ, తొందరగా కానియ్యండి" అన్నాడు చిన్నాన్న.

"తర్పణానికి మూడు తరాల పేర్లు కావాలి. ముత్తాత పేరు చెప్పండి."

చిన్నాన్న ఒక పేరు చెప్పాడు. మళ్ళీ, అది కాదని ఇంకో పేరు చెప్పాడు. గుమాస్తా నవ్వి పుస్తకం దించి ఊదాడు. కాగితాలు గోధుమరంగుకి తిరిగి, అంచులు పొడిపొడిగా ఉన్నాయి. ఒకచోట వేలుపెట్టి, "ఇదిగో. తెలుగు. నువ్వు టీచరమ్మవి గదా, చదువు" అని నా ముందుకి తిప్పాడు.

నాన్న చేతిరాత. గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా. పైకి చదవడం మొదలుపెట్టాను. తన పేరు, తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు. తండ్రి కాలం చేసిన ఏడు, తల్లితో కలిసి వచ్చాడు. ఆ కిందిపంక్తి: "నా భార్యతో కూడా వచ్చినాను." భార్య పేరు. ఆమె తండ్రి పేరు. ఆమె పుట్టింటి ఊరు.

అది అమ్మ పేరు కాదు. ఆ ఊరు అమ్మ ఊరు కాదు. అమ్మ మెళ్ళో పుస్తె పడటానికి చాలా ఏళ్ళ ముందటి రాత అది.

ఆ పేరు నాకు బాగా తెలిసిన పేరు. ఆ ఊరి దేవత పేరు, మా వైపు ఇంకెవరికీ ఉండదు. నాకు జడ వేస్తూ అత్త చెప్పిన కథలన్నీ ఆ ఊరివే. ఆ తండ్రి పేరు కూడా ఆ కథల్లో ఉంది. ఏరు దాటించే పడవ నడిపేవాడని, తనని పడవ ముందుభాగంలో కూర్చోబెట్టుకునేవాడని చెప్పేది.

చదవడం ఆపాను. చిన్నాన్న వైపు చూశాను. ఆయన నవ్వు మొహంమీదే ఉంది గాని, అది తీసెయ్యడం మర్చిపోయినట్టు ఉంది.

"ఎవరీవిడ?"

"మీ నాన్నకి మొదటి సంబంధం. సచ్చిపోయింది. ఎప్పుడో. కలరా."

"చచ్చిపోయినావిడ మనింట్లో అన్నం వొండుతోంది చిన్నాన్నా."

"పేరు కలిసినంత మాత్రాన..."

"పేరొక్కటే కాదు. ఊరు కలిసింది, తండ్రి కలిశాడు."

అప్పుడు అమ్మ, అంతవరకూ గోడకి ఆనుకుని కూర్చున్న అమ్మ, కింద చూస్తూనే అంది. "ఇంక దాచడమెందుకు మరిదీ. అదే. నాకు తెలుసు."

నేను ఏం మాట్లాడానో అంతా గుర్తులేదు. అరిచాను. ఇంకో ఊరివాళ్ళు పక్కగదిలోంచి తొంగిచూశారు. బతికున్న మొగుడికి అన్నం వడ్డిస్తూ విధవలా బతికించారే, మీరు మనుషులేనా అని అడిగాను. చెల్లెలని చెప్పుకోవడానికి ఆయనకి నోరెలా వచ్చిందని అడిగాను. చిన్నాన్న "మెల్లిగా, మెల్లిగా" అంటున్నాడు. ఆయన బాధ గొంతు గురించే.

తర్పణాలయ్యాయి. అస్థికలు కలిపాం. నేను సముద్రంవైపు చూడలేదు. తిరిగి వచ్చాక, పద్ధతి ప్రకారం, కొత్తగా వచ్చినవాళ్ళ వివరాలు రాయమని గుమాస్తా పుస్తకం తెరిచాడు. చిన్నాన్న తమ్ముడికి చెప్పి రాయిస్తున్నాడు: ఫలానావారు కాలం చేశారు, వారి భార్య, కుమారుడు, కుమార్తె. నేను తమ్ముడి చేతిలోంచి కలం లాక్కున్నాను. 'వారి భార్య' అన్నచోట 'వారి రెండవ భార్య' అని దిద్దాను. దానిమీద ఖాళీలో, "వారి మొదటి భార్య" అని రాసి, అత్త పేరు రాసి, "ఖరగ్‌పూర్‌లో సజీవంగా ఉన్నారు" అని రాశాను. రాసి నా సంతకం పెట్టాను.

చిన్నాన్న కాగితం చింపబోయాడు. ఆ ముసలి గుమాస్తా ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఈ పుస్తకం మీది కాదు బాబూ. మీ ఇంట్లో ఏమైనా చెప్పుకోండి. ఇందులో రాసింది చింపడానికి జగన్నాథుడిక్కూడా హక్కు లేదు" అన్నాడు. ఆ రోజు నాకు మనిషిలా కనిపించింది ఆయనొక్కడే.

తిరుగు రైల్లో అమ్మ చెప్పింది. నాన్నకి మొదటిపెళ్ళయి ఎనిమిదేళ్ళయినా పిల్లల్లేరు. మళ్ళీ చెయ్యాలని నానమ్మ పట్టుపట్టింది. కానీ మా తాత, అంటే అమ్మ తండ్రి, సవతి ఉన్న ఇంటికి పిల్లనివ్వనన్నాడు. అందుకని చిన్నాన్న వెళ్ళి, మొదటిది కలరాలో పోయిందని చెప్పి సంబంధం ఖాయం చేసుకొచ్చాడు. ఆవిణ్ణి పల్లెలో అత్తగారి దగ్గర ఉంచేశారు. అమ్మని మాత్రం నాన్న ఆ పల్లెకి ఎప్పుడూ తీసుకెళ్ళలేదు. నానమ్మ పోయాక, అత్త అన్న కూడా పోయాక, ఉండడానికి చోటులేక ఆవిడే ఎవర్నో పట్టుకుని ఖరగ్‌పూర్ రైలెక్కింది.

"గుమ్మంలో సూడగానే మీ నాన్న మొహం పాలిపోయింది. దూరపు సెల్లెలన్నాడు. ఆ రాత్రే నాకు అర్థమైపోయింది."

"మరెందుకు ఊరుకున్నావు?"

"నాకప్పటికే మీరిద్దరు. ఎక్కడికి పోతాను? మీ తాతకి తెలిస్తే ఏటయ్యేది? నన్ను మోసం సెయ్యనేదా? పదిహేనేళ్ళకి పెళ్ళి సేసి పంపినారు, సచ్చిపోయిందని సెప్పి."

అది నిజం. అమ్మనీ మోసం చేశారు. జాలిపడాలనుకున్నాను. పడలేకపోయాను. "నిన్ను మోసం చేసినవాళ్ళు వేరు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది నువ్వు. ఆవిడ నోటిదగ్గర చేపముక్క తీసేసింది నువ్వు" అన్నాను. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇంటికి రాగానే నేను సరాసరి వంటింట్లోకి వెళ్ళాను. అత్త బియ్యం ఏరుతోంది.

"పెద్దమ్మా" అన్నాను.

చేట ఆగింది. తల తిప్పలేదు. "ఎవులు సెప్పినారు?"

"పండా పుస్తకంలో ఉంది. నాన్నే రాశాడు. నువ్వూ ఆయనా పూరీ వెళ్ళినప్పుడు."

సంతోషిస్తుందనుకున్నాను. నన్ను దగ్గరికి తీసుకుని ఏడుస్తుందనుకున్నాను కూడా. ఆవిడ చేట విసిరికొట్టింది. గదంతా బియ్యం.

"నీకేటి పని? నీకెవులు సెప్పమన్నారు? ఇప్పుడు సెప్పి ఏటి సేస్తావు, బొట్టు పెడతావా? ఆయన పోయినాడు గదా! ఇన్నాళ్ళూ అబద్ధం యిదవని. నాకు తెలుసును, నా మొగుడు బతికున్నాడని. ఇప్పుడు నలుగురికీ సెప్పి నిజం యిదవని సేస్తావేటి?"

ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. పదిహేడేళ్ళు ఒకింట్లో ఉండి ఎప్పుడూ వినలేదు. అప్పుడు గుర్తొచ్చింది: ఆవిడ నాన్నని ఏమని పిలిచేదీ అని. ఏమనీ పిలవలేదు. చెల్లెలైతే 'అన్నా' అనాలి. ఒక్కసారి కూడా అనలేదు.

కాసేపటికి ఇద్దరం కింద కూర్చుని బియ్యం ఏరుకున్నాం. ఏరుతూ చెప్పింది. తన చావు కబురు తనకే వచ్చిందట. చిన్నాన్న చెప్పిన అబద్ధం ఆ నోటా ఈ నోటా ఆవిడ పుట్టింటికి చేరింది. ఆవిడ అన్న ఏడుస్తూ పరుగెత్తుకొచ్చి చూస్తే, ఈవిడ పెరట్లో ఒడ్లు దంచుతోంది.

"నన్ను సూసి కెవ్వుమన్నాడు మా అన్న. తరవాత కర్ర తీసినాడు. ఆ పెళ్ళిపందిట్లోకెల్లి అందర్నీ కొడతానన్నాడు. నేనే కాళ్ళు పట్టుకున్నాను."

"ఎందుకు పట్టుకున్నావు? వెళ్ళనివ్వాల్సింది!"

"ఎల్తే? పిల్లల్నేనిదాన్ని మళ్ళీ తెచ్చి పీటమీద కూకోబెడతారా?" అని ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పెట్టింది. "మీ నాన్న మంచోడే. నన్నెప్పుడూ కొట్టనేదు."

ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. కొట్టకపోవడం ఒక మంచితనమా? ఆ మంచోడు పదిహేడేళ్ళు ఆవిడ చేతి అన్నం తింటూ ఒక్కసారి తలెత్తి చూడలేదు.

రెండు రోజుల తర్వాత ఆవిడే అంది. "రేపు బజార్నించి సేపలు తే. మా ఊళ్ళో యిదవలు తింటారు. ఈ ఊరోళ్ళ మడి నాకెందుకు?" తెచ్చాను. వసారాలో కూర్చుని, తలుపు తీసిపెట్టి, పక్క క్వార్టర్ దీదీకి కనబడేలా తింది. అమ్మ గదిలోంచి బయటికి రాలేదు.

అక్కడితో ఆగాల్సిందేమో. నేను ఆగలేదు. తమ్ముడికి నాన్న ఉద్యోగం ఇచ్చే కాగితాలు నడుస్తున్నాయి. ఆ కాగితాల్లో పెద్దమ్మ పేరు కూడా ఉండాలని నేను పట్టుబట్టాను. వాడు చేతులు జోడించాడు. "అక్కా, రెండో పేరొస్తే ఎంక్వైరీ అంటారు. నా ఉద్యోగం పోద్ది. ఆవిణ్ణి నేనేటైనా అన్నానా? ఉండమను. ఎప్పట్లాగే ఉండమను."

"ఎప్పట్లాగే అంటే పొయ్యి దగ్గరా?"

నేను మర్నాడే నాన్న పనిచేసిన ఆఫీసుకెళ్ళాను. ఫైళ్ళు చూసే పెద్ద గుమాస్తా తెలుగాయన, నాన్నతో పరిచయమున్నవాడు. నేను చెప్పిందంతా విని, చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చూడకపోతేనే మంచిదమ్మా" అన్నాడు. చూడాలన్నాను. బీరువాలోంచి నాన్న సర్వీసు రికార్డు తీసి, మొదట్లో ఒక కాగితం తెరిచి, బల్లమీద నా వైపు తిప్పి, తను కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

పాసుల కోసం కుటుంబం వివరాలు రాసిచ్చే కాగితం అది. మొదటి పంక్తిలో భార్య: పెద్దమ్మ పేరు, వయసు. దానిమీద అడ్డంగా ఒక గీత. పక్కన ఇంగ్లీషులో 'ఎక్స్‌పైర్డ్' అని. కింద సంతకం. ఆ కింద అమ్మ పేరు, నా పేరు, తమ్ముడి పేరు. అన్నీ గుండ్రంగా, ఒకే చేతిరాత.

అప్పటివరకూ నాలో ఎక్కడో ఒక మూల, అబద్ధం చిన్నాన్నది, నానమ్మది, నాన్న పాపం నోరులేనివాడు అనే ఆశ ఉండేది. పూరీ నుంచి వచ్చిన ఈ పది రోజులూ ఆ ఆశ మీదే ఆయన ఫోటోకి దండ ఉండనిచ్చాను. నోరులేనివాడికి చెయ్యుంది. కొత్త పెళ్ళాం పేరు పాసులో ఎక్కాలంటే పాత పేరు పోవాలి. ఆ పాత పేరు మనిషి పల్లెలో ఆయన తల్లికి వండిపెడుతోంది. ఆయన ఇంకులో కలం ముంచి ఆవిణ్ణి చంపాడు. ఒక్కచోట కూడా చెయ్యి వణకలేదు.

"రికార్డులో ఆవిడ పోయి పాతికేళ్ళయిందమ్మా. నేనేం చెయ్యలేను" అన్నాడు గుమాస్తా కిటికీ వైపు చూస్తూనే. తర్వాత చిన్నగా, "మాలో కొందరికి తెలుసు. ఇంటిగుట్టు గదా అని..." అన్నాడు.

"మీకు తెలుసా?"

నాన్న చావుకి వచ్చి, అత్త చేతి టీ తాగి, అమ్మకి ధైర్యం చెప్పి వెళ్ళిన పెద్దమనుషుల్లో ఆయనా ఒకడు. ఇంకెందరు? పేరంటాలకి వచ్చి, ఆవిడ పెరటి గుమ్మం వెనక నిలబడితే చూసి కూడా తాంబూలం పుచ్చుకుని పోయిన ఆడవాళ్ళలో ఎందరికి తెలుసు? ఆ రోజు ఇంటికి నడుస్తూ, ఎదురుపడ్డ ప్రతి తెలుగు మొహాన్నీ అనుమానంగా చూశాను.

పెద్దమ్మకి చెప్పకూడదనుకున్నాను. కానీ ఆవిడ నా మొహం చూసి అడిగింది. ఇంకో అబద్ధం ఆ ఇంట్లో నా నోట రాకూడదనిపించి చెప్పేశాను.

"ఆయనే రాసినాడా? మీ సిన్నాన్న గాదా?"

"ఆయనే."

"సంతకం?"

"ఉంది."

పెద్దమ్మ పొయ్యిమీద ఉడుకుతున్న అన్నం దించి, నీళ్ళు చల్లి నిప్పులార్పింది. వసారాలోకెళ్ళి తన రేకు పెట్టె తీసింది. "నీకెక్కడైనా గది దొరుకుతాదేటి?" అంది. అంతే అడిగింది.

ఊళ్ళోనే ఝపటాపూర్ పేటలో ఒక బెంగాలీ ముసలాయన ఇంట్లో గది, వంటకి చిన్న చావడి దొరికాయి. ఇద్దరం వెళ్ళిపోయాం. అమ్మ గుమ్మందాకా వచ్చింది గాని ఆపలేదు. పెళ్ళికాని టీచరు ఇల్లు విడిచి పోయిందని కాలనీలో చాలా అన్నారు. తర్వాత ఒకటి రెండు సంబంధాలొచ్చినా, కూడా ఉన్నావిడ ఎవరని అడిగారు. చెప్పాను. వెళ్ళిపోయారు. వాళ్ళు వెళ్ళిపోయినందుకు నాకు బాధలేదు.

రేషన్ కార్డు రాయడానికొచ్చిన ఆఫీసు బాబు, "సంబంధం?" అని అడిగితే నేను నోరు తెరిచేలోపు పెద్దమ్మే వచ్చీరాని బెంగాలీలో, "ఆమార్ మేయే" అంది. నా కూతురని. ఆ కార్డులో అలాగే పడింది. అది కూడా అబద్ధమే అని ఎవరైనా అంటే వాళ్ళతో నాకు మాటల్లేవు.

నాన్న ఏడాది తద్దినానికి వారం ముందు తమ్ముడూ చిన్నాన్నా మా గదికొచ్చారు. నన్ను పిలవడానికొచ్చారనుకున్నాను. చిన్నాన్న మంచంమీద కూర్చుని, అదే నవ్వుతో, పెద్దమ్మ వైపు తిరిగాడు.

"జరిగిందేదో జరిగిపోయినాది. ముప్పైమంది వస్తారు. మీ మరదలు ఒక్కర్తీ ఏటి సెయ్యగలదు? ఆ రోజుకి నువ్వొచ్చి వొంట అందుకుంటే..."

నా చేతిలో పిల్లల కాపీ పుస్తకాల కట్ట ఉంది. ఆయన మీదకి విసిరేదాన్నే. పెద్దమ్మ నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా. చిన్నాన్న కళ్ళలోకి చూస్తూ అంది:

"మరిదీ, సచ్చిపోయినదాన్ని గదా నేను. దెయ్యం వొండిన కూడు సుట్టాలు తింటారేటి? ఎల్లండి. నేను బతికున్నానని ఆ ఇంట్లో సెప్పి, అప్పుడు రండి."

చిన్నాన్న లేచాడు. చెప్పులు తొడుక్కుని బయటికి నడిచాడు. తమ్ముడు ఆయన వెనకే పోయాడు. తద్దినం రోజు నేను బడికి సెలవు పెట్టలేదు. పెద్దమ్మ ఇంటాయన భార్యతో కలిసి గోల్‌బజారుకెళ్ళి, ఆకుపచ్చ చీర ఒకటి చూసి, నచ్చక, వట్టిచేతుల్తో తిరిగొచ్చింది.

ఆ గదిలో పదకొండేళ్ళున్నాం. ఆవిడ సాధువేం కాదు. వయసు మీదపడ్డాక కోపిష్టి అయింది, కూరలమ్మే దాదాతో తగాదాలు, నాతో తగాదాలు. అంతకాలం మింగిందంతా బయటికొస్తోందని నేను ఊరుకునేదాన్ని. కొన్నిసార్లు ఊరుకోలేక అరిచేదాన్ని. తర్వాత ఇద్దరం టీ తాగేవాళ్ళం. అమ్మ రెండుసార్లు వచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తమ ఊళ్ళ సంగతులు మాట్లాడుకున్నారు, ఆయన ఊసెత్తలేదు. వాళ్ళిద్దరి మధ్యా ఏముందో నాకు తెలీదు, నేను అడగలేదు. వెళ్ళేముందు అమ్మ నావైపు చూసేది. నేను పుస్తకాలు దిద్దుకుంటూ ఉండేదాన్ని.

పెద్దమ్మ ఒక వానాకాలంలో పోయింది. మూడు రోజుల జ్వరం. కబురు విని తమ్ముడు కార్ఖానా డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. తలకొరివి తను పెడతానన్నాడు. పెట్టమన్నాను. పంతులుగారు, పోయినావిడ నీకేమవుతారని అడిగారు. వాడు "పెద్దమ్మ" అన్నాడు. మొదటిసారి. అంటూనే బావురుమన్నాడు.

చుట్టూ ఉన్నవాళ్ళకి కళ్ళు చెమర్చాయి. నాకు రాలేదు. "ఆవిడకి వినబడేటప్పుడు అనాల్సిందిరా" అన్నాను. వాడు తల దించుకున్నాడు. ఓదార్చమన్నట్టు ఎవరో నా భుజం తట్టారు. నేను ఓదార్చలేదు. వానలో తడుస్తూ అలాగే నిలబడ్డాను.